నత్తాయన బిగించిన నీళ్ళ పంపు

కార్లు బాగుచేసే మనిషికి కారెక్కడమంటే భయమని తెలిస్తే ఎవరు మాత్రం నవ్వరు? ఆ వీధిలో అందరూ నవ్వారు. నవ్వి ఊరుకోకుండా నత్తాయన అని పేరు కూడా పెట్టారు. ఆయన అసలు పేరు ఇప్పుడు ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఎవరైనా పొరపాటున ఆ పేరుతో పిలిస్తే, నన్నేనా అన్నట్టు అటూ ఇటూ చూస్తాడు.

ఆయనది కార్లలో కరెంటు పని. లైట్లు, హారన్లు, వైపర్లు, పంపులు, వాటి వెనక పేగుల్లా చుట్టుకుపోయిన వైర్లు. ఆ చిక్కుముళ్ళలో ఆయనంత ఓపికగా వేళ్ళు పెట్టేవాడు ఇంకొకడు లేడు. కానీ అదే కారులో కూర్చోబెట్టి కాస్త గట్టిగా యాక్సిలేటర్ తొక్కారంటే, తలుపు పిడి రెండు చేతులా పట్టుకుని, "మెల్లగా, మెల్లగా" అంటూ దారి పొడుగునా జపం మొదలుపెడతాడు. ఇంత భయం ఎందుకంటే చెప్పుకోవడానికి కథేమీ లేదు. చిన్నప్పుడు ఎక్కడా పడలేదు, ప్రమాదంలో ఎవర్నీ పోగొట్టుకోలేదు. కొందరికి బల్లిని చూస్తే భయం, కొందరికి ఎత్తంటే భయం, ఈయనకి వేగమంటే భయం. అంతే.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆయనకి పని నేర్పిన పెద్ద మేస్త్రి షెడ్డులో ఒక పద్ధతి పెట్టి పోయాడు. ఏ బండికి ఏ సామాను కొత్తగా బిగించినా సరే, బండి మొదటిసారి బయటికి వెళ్ళేటప్పుడు, బిగించినవాడు డ్రైవరు పక్కన కూర్చోవాలి. బ్రేకు వేసినవాడు ఆ బ్రేకుని నమ్మి కూర్చోవాలి, లైటు పెట్టినవాడు ఆ లైటు వెలుగులో కూర్చోవాలి. ఆ షెడ్డులో చేయి పెట్టిన ఎవరూ ఈ పద్ధతి తప్పరు. నత్తాయన కూడా తప్పలేదు. కాకపోతే ఆయన కూర్చున్న బండి వీధి చివరిదాకా వెళ్ళి, సైకిళ్ళు దాటిపోయేంత నిదానంగా తిరిగి వచ్చేది. కూర్చున్నాడా అంటే కూర్చున్నాడు. ఎవరూ తప్పు పట్టలేని విధంగా ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాడు. వచ్చే బండ్లు కూడా పిల్లల్ని బడికి దింపే బండ్లు, కూరగాయలు మోసే బండ్లు. వాటికి ఆ మాత్రం సరిపోయేది.

సరిపోని బండి ఒకటి ఉంది. అది బావమరిదిది.

ఆ బావమరిది సంగతి చెప్పాలంటే ముందు నత్తాయన భార్య సంగతి చెప్పాలి. షెడ్డుకి సామాను తెచ్చే వ్యాను ఆమే తోలుతుంది. నోరు తక్కువ, చేత ఎక్కువ. తల్లి పోయేనాటికి తమ్ముడు పాలు మరవని పిల్లాడు. వాణ్ణి చంకనేసుకుని పెంచింది, పెళ్ళయ్యాక వెంటబెట్టుకుని వచ్చింది. అందుకని ఆమెకి వాడు సగం తమ్ముడు, సగం కొడుకు. వాడికి మాత్రం అక్క అంటే ప్రేమ, కారంటే పిచ్చి. పగలంతా నేత ఫ్యాక్టరీలో మిషన్లకి నూనె పోస్తాడు, మిగతా వేళంతా షెడ్డులో తన కారు కింద పడుకుంటాడు. తుక్కు కొట్టు నుంచి తెచ్చిన రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు అది. నేలకి జానెడు ఎత్తులో, చెప్పు తొడుక్కున్నట్టు ఎక్కాలి. దాన్ని బావా బావమరుదులు ఇద్దరూ కలిసి ఒక్కొక్క ముక్కా అతికించి లేపారు. దానితో వాడు ఏడాదికోసారి కొండ దారి పోటీకి వెళ్తాడు.

కిందటేడాది ఆ పోటీలో వాడు కట్టకి గుద్దుకుని భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. బండి తప్పు కాదు, వాడి తప్పూ కాదు. ముందద్దం మీద బురద పడింది. అద్దం కడగడానికి ఆ పాత కారులో ఉన్నదల్లా ఒక ప్లాస్టిక్ సంచీ, కాలితో నొక్కే రబ్బరు బుడ్డ, చీమకి కూడా స్నానం చేయించలేని రెండు సన్నటి ధారలు. వాడు నొక్కాడు. నీళ్ళు వచ్చేలోపే వైపరు కదిలి బురదని అద్దమంతా అలికింది. మలుపులో వాడికి ముందేమీ కనిపించలేదు.

ఈ ఏడాది పోటీ ఊసెత్తగానే అక్క ఒకటే మాట చెప్పింది.

"వాడికి దారి కనిపించేటట్టు చేస్తే పంపుతా. లేకపోతే ఆ కారు తాళం నా కొంగున కట్టుకుంటా. అంతే."

ఆ మాట తమ్ముడితో కాదు, మొగుడితో చెప్పింది.

నత్తాయన ఆ పని మీద ప్రాణం పెట్టాడని ఒప్పుకోవాలి. సంచీ పీకేసి, పాత వ్యానులోంచి తీసిన పెద్ద డబ్బా బిగించాడు. దాని అడుగున కరెంటు పంపు. సన్నటి ట్యూబుల బదులు లావుపాటివి. వాటి మధ్యలో, నీళ్ళు మళ్ళీ డబ్బాలోకి జారిపోకుండా ఒక చిన్న వాల్వు, దానివల్ల నొక్కిన మరుక్షణమే నీళ్ళు దూకుతాయి. నీళ్ళు చిమ్మే పాత నాజిళ్ళు తీసేసి, నీళ్ళని విసనకర్రలా పరిచే కొత్తవి పెట్టాడు. ముందు నీళ్ళు పడి, ఆ తర్వాతే వైపరు కదిలేలా స్విచ్చు వైరింగు మార్చాడు. ట్యూబు ఇంజిన్ వేడికి తగలకుండా బానెట్ లోపలి రేకు అంచు వెంబడి తిప్పి తీసుకెళ్ళాడు. కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళు అద్దానికి సరిగ్గా నడిమధ్యలో పడేదాకా నాజిళ్ళని గుండుసూదితో జరిపాడు.

బావమరిది తొట్టిలో బురద కలిపి అద్దం మీద చేతులతో పూశాడు. నత్తాయన స్విచ్చు నొక్కాడు. రెండు వైపులా నీళ్ళు విచ్చుకుని పడ్డాయి, వైపరు ఒక్కసారి అటూ ఇటూ కదిలింది, అద్దం మంచినీళ్ళ గ్లాసులా తేటపడింది. వాడు గంతేసి బావని పట్టుకుని ఊపేశాడు.

"బావా, నీ చేతులకి దండం పెట్టాలి. పద, క్వారీ రోడ్డు మీద ఒకసారి గట్టిగా తోలి చూద్దాం."

"ఎందుకురా? నీళ్ళకేం తెలుస్తుంది బండి ఎంత వేగంగా పోతోందో. పడ్డ చోటే పడతాయి. వీధి చివరిదాకా పోయొద్దాం పద."

పోయొచ్చారు. రెండుసార్లు నొక్కారు. నీళ్ళు పడ్డాయి. పద్ధతి ప్రకారం బిగించినవాడు పక్కన కూర్చున్నాడు.

ఆ సాయంత్రం భార్య షెడ్డులోకి వచ్చింది. బురద తనే పూసింది, స్విచ్చు తనే నొక్కింది, శుభ్రమైన అద్దంలోంచి చాలాసేపు చూసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"బండి పరుగులో ఉన్నప్పుడు కూడా ఇలాగే పడతాయా?"

"పడతాయి."

"చూశారా?"

చూడలేదు అని చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? ఊపిరి పీల్చుకునేంత సేపు పట్టదు. కానీ చూడలేదు అంటే, అయితే వెళ్ళి చూసి రండి అంటుంది. వెళ్ళాలంటే క్వారీ రోడ్డు మీద ఆ చెప్పులాంటి కారులో కూర్చోవాలి. అది తలుచుకోగానే నత్తాయనకి అరికాళ్ళలో చెమట పట్టింది.

"చూశాం. క్వారీ రోడ్డు మీద," అన్నాడు.

ఆమె తల ఊపింది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది. పక్కనే పడుకున్న నత్తాయనకి మాత్రం కునుకు పట్టలేదు.

పోటీకి ముందు రోజు పొద్దున షెడ్డులో ముగ్గురూ ఉన్నారు. ఆమె వ్యానులోంచి సామాను దింపుతూ తమ్ముడితో యథాలాపంగా అంది.

"క్వారీ రోడ్డు మీద బాగా పడ్డాయట కదరా నీళ్ళు. మీ బావ చెప్పారు. అదొక్కటే నా ధైర్యం."

వాడి చేతిలో రెంచి ఆగింది. బావ వైపు చూశాడు. బావ గోడకి తగిలించిన ట్యూబుల వైపు చూస్తున్నాడు. బావా బావమరుదుల మధ్య ఎంత ఎకసెక్కమున్నా, ఒకరి గుట్టు ఇంకొకరు ఆమె ముందు బయటపెట్టుకోరు.

"ఆ, బాగానే పడ్డాయక్కా," అన్నాడు వాడు.

ఆమె లోపలికి వెళ్ళగానే వాడు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"బావా, మనం క్వారీ రోడ్డుకి ఎప్పుడు వెళ్ళాం?"

నత్తాయన చేతికందిన వైరు చుట్టని విప్పసాగాడు. మొహం కందగడ్డలా అయింది. వాడు నవ్వుతాడనుకున్నాడు గానీ వాడు నవ్వలేదు.

"పెట్రోలు కొట్టించుకొస్తామని చెప్పి ఇప్పుడు వెళ్దాం పద. ఒక్కసారి చూసేస్తే నువ్వు చెప్పింది నిజమైపోతుంది."

అలా అంటే కాదనడానికి ఏముంది? నత్తాయన వెళ్ళి కారులో దిగబడ్డాడు. పక్క సీటుకి నడుము దగ్గర ఒక పట్టీ మాత్రమే ఉంది. డ్రైవరు సీటుకైతే భుజాల మీదుగా రెండు, నడుముకి రెండు, మనిషిని సీటుకి కుట్టేసినట్టు పట్టుకుంటాయి.

క్వారీలో పని ఆగిపోయి చాలా కాలమైంది. రోడ్డు మాత్రం మిగిలింది. ఒక పక్క తొలిచేసిన గుట్ట, ఇంకో పక్క రాయి తీసిన గొయ్యి, అంచున వరసగా తెల్లరాళ్ళు. ముందు రోజు కురిసిన వానకి రోడ్డు మధ్యలో ఎర్రటి బురద మడుగు కట్టింది. ఆ మడుగు దాటాక కాస్త దూరంలో రోడ్డు ఎడమకి తిరుగుతుంది.

"మడుగులోంచి పోనిస్తా. బురద ఎగిరి పడుతుంది. నేను నొక్కుతా, నువ్వు చూడు," అన్నాడు బావమరిది.

"మెల్లగా పోనియ్యి."

"మెల్లగా పోతే చూసినట్టు ఎలా అవుతుంది బావా?"

కారు కదిలింది. మొదటి గేరు, రెండు, మూడు. ఇంజిన్ మోత నత్తాయన వెన్నులోకి ఎక్కింది. గుట్ట ఒక గోడలా వెనక్కి పరిగెడుతోంది. పట్టుకుందామంటే ఆ కారు తలుపుకి లోపలివైపు పిడి కూడా లేదు. నడుము పట్టీ కింద నుంచి ఆయన నెమ్మదిగా జారిపోతున్నాడు, మోకాళ్ళు డాష్‌బోర్డుకి తగిలాయి, తల సీటు మధ్యలోకి దిగిపోయింది. కళ్ళు మూసుకుందామనుకున్నాడు. చూడ్డానికే వచ్చానని గుర్తొచ్చి తెరిచాడు.

మడుగు వచ్చింది. చప్పుడుతో బురద లేచింది, లేచి ఒక దుప్పటిలా అద్దం మీద పడింది. కారులో చీకటైంది.

బావమరిది స్విచ్చు నొక్కాడు. పంపు గిర్రుమంది. నీళ్ళు లేచాయి. లేచి, అద్దం మధ్యకి పోవలసినవి, గాలి తోపుకి అలాగే వంగి, అద్దం అడుగున పడ్డాయి. బెత్తెడు మేర అడుగు తడిసింది. ఆ పైన వైపరు నీళ్ళు తగలని బురదని కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి, నింపాదిగా అలికింది.

"బావా, ఏమీ కనపట్లేదు."

వాడి గొంతులో ఆ మాట మరీ మామూలుగా వచ్చింది. వాడు బ్రేకు మీద కాలు పెట్టాడు, తడిరోడ్డు మీద వెనక చక్రాలు పక్కకి జారాయి, గట్టిగా తొక్కితే బండి ఎటు తిరుగుతుందో తెలియక కాలు తీశాడు. పట్టీలు వాణ్ణి నిటారుగా కట్టేశాయి. వంగి చూడ్డానికి లేదు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ నీళ్ళు అడుగునే పడ్డాయి.

భయంతో సీటులో కిందకి జారిపోయిన మనిషి కళ్ళు సరిగ్గా ఆ బెత్తెడు తేట ఎత్తులో ఉన్నాయి. దానిలోంచి నత్తాయనకి రోడ్డు కనిపించింది. తెల్లరాళ్ళ వరస కనిపించింది. ఆ వరస తమ ముందుకి అడ్డంగా వచ్చేస్తోంది.

"ఎడమకి," అన్నాడు. "ఎడమకి తిప్పు. ఇంకా. ఇంకా తిప్పరా. ఆ, అక్కడే పట్టుకో. నిలుపు. ఇప్పుడు నెమ్మదిగా బ్రేకు తొక్కు. తొక్కుతూనే ఉండు."

కారు ఆగింది. ఇంజిన్ కూడా ఆగిపోయింది. ఇద్దరూ దిగి చూశారు. కుడి పక్క చక్రానికి, గొయ్యి అంచుకి మధ్య ఒక మంచం వేసుకునేంత జాగా ఉంది. కింద లోతులో పచ్చటి నీళ్ళు కదలకుండా ఉన్నాయి.

బావమరిది నవ్వబోయాడు, నవ్వు రాలేదు. చేతులు చంకల్లో దాచుకున్నాడు. నత్తాయన రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాడు. మొహం కడుక్కోకుండానే కారు దగ్గరికి వచ్చి బానెట్ మీదికి వంగాడు.

గాలి. అంతే. నిలబడ్డ బండి మీద నీళ్ళు ఎక్కడికి కొడితే అక్కడికి పోతాయి, పరిగెత్తే బండి మీద ఎదురుగాలి వాటిని కిందికి అదిమేస్తుంది. వేగంగా పోయేవాడికైతే ఇది వేరే చెప్పక్కర్లేదు. జీవితమంతా నిలబడ్డ బండ్ల మీదే పని చేసి, వీధి చివరిదాకా మాత్రమే కూర్చున్నవాడికి అది ఎప్పటికీ తెలిసేది కాదు. నత్తాయన జేబులోంచి గుండుసూది తీసి, నాజిళ్ళని పైకి జరపడం మొదలుపెట్టాడు. నొక్కి చూశాడు, ఇంకా పైకి జరిపాడు. చివరికి నీళ్ళు అద్దం మీద పడకుండా, కారు కప్పు దాటి వెనక రోడ్డు మీద పడుతున్నాయి. చూసినవాళ్ళెవరైనా పిచ్చిపట్టిందనుకుంటారు.

"ఇక సరిపోయింది కదా," అన్నాడు బావమరిది. "పరుగులో ఇవి అద్దం మీదికి వంగుతాయి. ఇంటికి పోదాం పద. అక్కకి చెప్పకు బావా. చెబితే తాళం లాగేసుకుంటుంది. ఏడాదంతా దీని కోసమే బతికాను నేను."

"మళ్ళీ చూడలేదు కదరా."

"ఇంకోసారి చూద్దాం, అయిపోతుంది. అక్క చెవిన పడకుండా చూద్దాం."

నత్తాయనకి అది ఎంత సుళువుగా ఉందో అర్థమైంది. ఇంకోసారి చూడొచ్చు, నీళ్ళు పడతాయి, చెప్పిన అబద్ధం చల్లగా నిజమై కూర్చుంటుంది. ఆమెకి ఎప్పటికీ తెలియదు. ఆ గొయ్యి కేసి చూశాడు. ఆమె చేతుల్లో పెరిగిన పిల్లాణ్ణి, ఆమె తన మాట మీద వదిలిన పిల్లాణ్ణి ఎక్కడిదాకా తీసుకొచ్చాడో చూశాడు. ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఫోను తీశాడు.

"వద్దు బావా," అన్నాడు వాడు. "నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నువ్వు క్వారీ రోడ్డుకి రావాలి," అన్నాడు నత్తాయన ఫోనులో. "వాడు బానే ఉన్నాడు. ఇద్దరం బానే ఉన్నాం. వచ్చాక చెప్తా."

వ్యాను వచ్చేదాకా బావమరిది ఒక రాతి మీద వీపు తిప్పుకుని కూర్చున్నాడు.

ఆమె వ్యాను దిగి ముందు మనుషుల్ని చూడలేదు, రోడ్డు చూసింది. బండ్లు తోలే మనిషి కాబట్టి టైరు గీతలు ఎక్కడ మొదలయ్యాయో, ఎక్కడ పక్కకి జారాయో, ఎక్కడ ఆగాయో వాటి వెంట నడిచి చూసింది. గొయ్యి అంచుదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. మొహంలో నెత్తురు లేదు.

"ఆ రోజు చూశామని చెప్పాను కదా," అన్నాడు నత్తాయన. "చూడలేదు. ఇక్కడికి ఇవాళే వచ్చాం. పరుగులో నీళ్ళు అద్దం మీద పడలేదు. వాడికి దారి కనపడలేదు. ఇప్పుడు నాజిళ్ళు పైకి మార్చాను. మార్చాక కూడా ఇంకా చూడలేదు."

ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది.

"చూడక్కర్లేదు అనిపించి చూడలేదా, భయమేసి చూడలేదా?"

"భయమేసి." నిజమే చెప్పాలనుకుని, మిగతాది కూడా చెప్పాడు. "అక్కర్లేదని కూడా అనిపించింది. కానీ అది భయం తర్వాత అనిపించింది."

తమ్ముడు రాతి మీద నుంచి లేచాడు. "తప్పు నాది కూడా అక్కా. పొద్దున నేనూ అబద్ధమే చెప్పాను. తాళం తీసుకో."

ఆమె చెయ్యి చాపింది. వాడు తాళం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని చూసి, మళ్ళీ వాడి చేతిలోనే పెట్టింది.

"కూర్చో. నేను పక్కన కూర్చుంటా. ముందు తక్కువలో పోనియ్యి, నొక్కి చూడు. తర్వాత కొంచెం పెంచు, మళ్ళీ నొక్కు. పడుతున్నాయని నాకు నమ్మకం కుదిరాకే మడుగులోకి పోదాం. వేగం అందుకున్నాక ఒక్కసారి పడకపోయినా అక్కడే ఆపేస్తాం. ఇదేమీ పెద్ద విద్య కాదు, మీ ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు."

"నేను కూర్చుంటా," అన్నాడు నత్తాయన. "బిగించింది నేను. పద్ధతి ప్రకారం నేనే కూర్చోవాలి."

"మీరు ఇక్కడ నిలబడండి. నిలబడి చూడ్డం ఎలా ఉంటుందో ఇన్నేళ్ళూ నాకొక్కదానికే తెలుసు."

ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని ఆ కారులో దిగబడింది. పట్టీ బిగించుకుంది. నత్తాయన రోడ్డు పక్కకి జరిగాడు.

మొదటిసారి కారు నిదానంగా ఆయన్ని దాటింది. నీళ్ళు కప్పు మీదుగా ఎగిరి ఆయన చొక్కా తడిపాయి. రెండోసారి వేగం పెరిగింది, నీళ్ళు కప్పు అంచున పడ్డాయి. ఆ తర్వాత ఇంకా పెరిగింది. ధార వంగి అద్దం పైభాగాన్ని తాకడం ఆయన కళ్ళారా చూశాడు. తిరిగొచ్చి కాస్త ఆగారు. లోపల అక్కా తమ్ముడూ ఏదో మాట్లాడుకున్నారు. ఆమె తల ఊపడం కనిపించింది. తర్వాత కారు ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం నిలిచి, ముందుకి దూకింది.

మడుగు లేచింది. ఎర్రటి బురద కారుని ముంచేసింది. పంపు చప్పుడు వినపడదు, ఇంజిన్ మోతే వినిపిస్తుంది. అద్దం ఆయనకి కనపడదు, బండి వెనక భాగమే కనిపిస్తుంది. అది మలుపు తిరిగి గుట్ట వెనక్కి పోయింది.

మోత ఆగిపోయింది.

నత్తాయన ఒక్కసారి పిలిచాడు. భార్యని పిలిచాడో, బావమరిదిని పిలిచాడో ఆయనకే తెలియదు. పరిగెత్తడం మొదలుపెట్టాడు. రోడ్డు నడిమధ్యలో, బురదలోంచి, ఒక చెప్పు మడుగులో ఊడిపోతే ఊడిపోనిచ్చి పరిగెత్తాడు. గొయ్యిలో ఉన్న ఆ పచ్చటి నీళ్ళు తప్ప ఆయన కళ్ళ ముందు ఇంకేమీ లేదు. తన ఇంట్లో ఉన్న ఇద్దరు మనుషులూ ఆ కారులోనే ఉన్నారు. నేనే కూర్చునుంటే, నేనే కూర్చునుంటే అని గొణుక్కుంటూ పరిగెత్తాడు. మలుపు ఎంతకీ రాదే.

మలుపు దగ్గరికి చేరేసరికి ఇంజిన్ మళ్ళీ మొదలైంది. కారు నిదానంగా ఎదురొచ్చింది. బానెట్ అంతా ఎర్రగా ఉంది, పక్కలు ఎర్రగా ఉన్నాయి. ముందద్దం మీద మాత్రం రెండు పెద్ద విసనకర్రల మేర తేటగా ఉంది. ఒకదానిలో తమ్ముడి మొహం, ఇంకోదానిలో ఆమె మొహం. ఇద్దరూ ఆయన్నే చూస్తున్నారు.

కారు ఆగింది. ఆమె దిగింది. మొగుణ్ణి ఆ అవతారంలో, ఒక కాలికి చెప్పుతో, చూసింది.

"ఎందుకు ఆపారు?" అన్నాడు ఆయన. మాట సగమే బయటికి వచ్చింది.

"అంచు నుంచి ఎంత దూరంలో పోతున్నామో దిగి చూశాను. చాలా జాగా ఉంది. వాడికి దారంతా కనపడుతోంది." తమ్ముడి వైపు తిరిగింది. "రేపు వెళ్ళు. నేనూ వస్తాను."

వాడు స్టీరింగ్ మీద తల ఆనించుకున్నాడు. ఆమె మొగుడి దగ్గరికి వచ్చి, ఇద్దరికే వినపడేంత మెల్లగా అంది.

"భయమేస్తోందని ఆ రోజే ఒక్క ముక్క చెప్పుంటే, నేనే కూర్చునేదాన్ని కదండీ. నాకు వెయ్యదనుకున్నారా? వాణ్ణి పంపిన ప్రతిసారీ వేస్తుంది. మీతో చెప్పుకుందామంటే, మీరు ఏమీ భయం లేనట్టు కూర్చుంటారు. అందుకని నేనూ ఊరుకున్నా."

నత్తాయన ఉన్న చోటనే రోడ్డు మీద కూలబడి, పెళ్ళయ్యాక మొదటిసారి ఆమె ముందు బావురుమన్నాడు. ఆమె ఓదార్చలేదు. వెళ్ళి వ్యాను స్టార్టు చేసింది. చేసింది గానీ, ఆయన లేచి వచ్చి ఎక్కేదాకా కదల్చలేదు.